సూచికలో లేని పేజీ

ఇక్కడ రాసి చాలా రోజులైంది. ఇది పొడుగు పోస్టు. సగం బ్రేక్‌లో, సగం ఇంటికెళ్ళే బస్సులో చదువుకోండి. పైకి చూస్తే కంప్యూటర్ గొడవలా ఉంటుంది. నిజానికి ఇది ఒక తమ్ముడి చెయ్యి గురించి, మేం చేసిన తప్పు గురించి.

ముందు మేమెవరమో చెప్పాలి. స్కార్‌బరోలో మార్కం రోడ్డు, లారెన్స్ దగ్గర ఒక బేస్‌మెంట్‌లో నలుగురం ఉంటాం. ఇద్దరం వేర్‌హౌస్‌లో, ఒకరం బేకరీ ఫ్యాక్టరీలో నైట్ షిఫ్ట్, ఒకరం డెలివరీ బండి. మాలో తెనాలి అన్న ఇక్కడికి రాకముందు విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో పద్నాలుగేళ్ళు డీటీపీ చేశాడు. పెళ్ళికార్డులు, టెన్త్ గైడ్లు, కరపత్రాలు, అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే. ఎవరు ఏం చేశారో విడివిడిగా రాయదలుచుకోలేదు. పేరొస్తే నలుగురిదీ, తప్పయితే నలుగురిదీ. అందుకే అంతటా 'మేము' అనే రాస్తున్నాం.

2023 వేసవికి ముందు ఒక చిన్న పుస్తకం మొదలుపెట్టాం. కొత్తగా దిగినవాళ్ళు మమ్మల్ని అడిగేవన్నీ ఒకేలాంటి ప్రశ్నలు. సిన్ నంబరు ఎక్కడ తీసుకోవాలి? బేస్‌మెంట్ చూపించి క్యాష్ అడ్వాన్స్ అడుగుతున్నారు, ఇవ్వొచ్చా? షిఫ్టుకి రమ్మని గంటకే పంపించేశారు, జీతం వస్తుందా? వారానికి ఎన్ని గంటలు దాటితే ఓవర్‌టైమ్? ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేబదులు ఒకచోట తెలుగులో రాసిపెడదాం అనుకున్నాం. కరీంనగర్ తమ్ముడు వర్డ్‌లో టైప్ చేశాడు. పేజీలు కట్టడానికి అన్న సివిక్ సెంటర్ లైబ్రరీలోని డిజిటల్ హబ్‌కి సెలవు రోజుల్లో వెళ్ళేవాడు. అక్కడ ఇన్‌డిజైన్ ఉంది, సొంతంగా కొనక్కర్లేదు.

మొదటి రోజే తెలుగు విరిగిపోయింది. ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట. 'డాక్టర్' అని కొడితే క పక్కన పొల్లు, దాని పక్కన ట. అన్నకి పేజ్‌మేకర్ అలవాటు, అక్కడ అను ఫాంటు తన దారి తను చూసుకునేది. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు సరిగ్గా రావాలంటే పేరాగ్రాఫ్ స్టైల్‌లో జస్టిఫికేషన్ అనే చోటికెళ్ళి కంపోజర్‌ని వరల్డ్-రెడీకి మార్చాలి. అది తెలియడానికి ఒక ఆదివారం పోయింది. తరవాత బాడీకి మండలి ఫాంటు, శీర్షికలకి రామభద్ర పెట్టాం. రెండూ ఉచితంగా దొరికేవే.

లెటర్ సైజు కాగితాన్ని మధ్యకి మడిచి పిన్ను కొట్టే పుస్తకం కాబట్టి పేజీలు నాలుగు నాలుగుగానే పెరుగుతాయి, నాలుగు నాలుగుగానే తగ్గుతాయి. మొదటిసారి కడితే 48 పేజీలొచ్చింది. అంటే కాపీకి పన్నెండు కాగితాలు. డబ్బులు మేమే వేసుకుంటున్నాం కాబట్టి తగ్గించాలనిపించింది. చూస్తే సగం జాగా శీర్షికలే తింటున్నాయి. రెండు మూడు లైన్ల జవాబుకి పైన ఒక శీర్షిక, దాని పైన ఖాళీ, కింద ఖాళీ. అలాంటివి అరవై దాకా ఉన్నాయి.

అప్పుడు అన్న ఒక ఉపాయం చెప్పాడు. శీర్షికని విడి లైన్లో పెట్టకుండా పేరాలోనే మొదటి మాటగా కలిపేద్దాం, బోల్డ్ చేద్దాం, కోలన్ పెట్టి జవాబు మొదలుపెడదాం. మన వారఫలాల్లో 'మేషం:' అని బోల్డ్‌లో ఉండి, పక్కనే 'ఆర్థికంగా అనుకూలం' అని మొదలవుతుందే, అలా. పేపర్లో వార్త మొదట్లో ఊరిపేరు, తేదీ ఉండి వెంటనే వార్త మొదలవుతుందే, అలా. నిఘంటువులో మాట, దాని పక్కనే అర్థం ఉన్నట్టు. ఇంగ్లీషు ప్రెస్సులవాళ్ళు దీన్ని రన్-ఇన్ హెడ్డింగ్ అంటారు.

ఇన్‌డిజైన్‌లో ఇది చాలా తేలిక. పేరాగ్రాఫ్ స్టైల్‌లో నెస్టెడ్ స్టైల్ అని ఉంటుంది. 'మొదటి కోలన్ దాకా ఈ బోల్డ్ వెయ్యి' అని ఒక్కసారి చెబితే చాలు, అరవై పేరాలూ తమంతట తామే బోల్డ్ అయిపోతాయి. ఒక్కచోట మాత్రం తమాషా జరిగింది. శీర్షికలేని పేరా ఒకటి 'ఉదయం 5:10 బస్సు' అని మొదలైంది. ఆ కోలన్ చూసి 'ఉదయం 5' దాకా బోల్డ్ కొట్టేసింది. నవ్వుకుని ఆ పేరాకి వేరే స్టైల్ ఇచ్చాం.

పుస్తకం 40 పేజీలకి దిగింది. కాపీకి రెండు కాగితాలు మిగిలాయి. వంద కాపీలకి రెండొందల కాగితాలు. మా తెలివికి మేమే మురిసిపోయాం.

ముందు పేజీలో విషయసూచిక పెట్టాం. లేఅవుట్ మెనూలో టేబుల్ ఆఫ్ కంటెంట్స్ నొక్కితే ఇన్‌డిజైనే తయారుచేస్తుంది. ఏ పేరాగ్రాఫ్ స్టైల్ ఉన్నవాటిని తీసుకోవాలో మనం చెప్పాలి. అధ్యాయం పేర్ల స్టైల్ చెప్పాం. ఎనిమిది లైన్లొచ్చాయి: కాగితాలు, ఇల్లు, పని, బస్సులు, బ్యాంకు, ఆరోగ్యం, పన్ను, చలికాలం. ఒక్క పేజీలో శుభ్రంగా, అందంగా ఉంది. ఆ అరవై చిన్న శీర్షికల్లో ఒక్కటీ అందులో లేదు. ఉండాలని కూడా మాకు తోచలేదు. పీడీఎఫ్ చేసి 2023 చివర్లో తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిట్లో పెట్టేశాం. చాలామంది దండం బొమ్మలు పెట్టారు.

ఇక తమ్ముడి సంగతి.

నల్గొండ తమ్ముడు మా పక్క వీధిలో ఉంటాడు. చదువు అయిపోయి వర్క్ పర్మిట్ మీద ఉన్నాడు. ఏజెన్సీ ద్వారా ఒక గోడౌన్‌లో పని. పేరు అనవసరం, అలాంటివి ఇక్కడ ఎన్నో. 2024 జనవరిలో కన్వేయర్ దగ్గర ఎడమచెయ్యి రెండు వేళ్ళు నలిగాయి. సూపర్‌వైజర్ ఐసు ముక్కలిచ్చి, ఇంటికెళ్ళి రెస్టు తీసుకో అన్నాడట. పోతూపోతూ, పనిలో తగిలిందని చెబితే ఏజెన్సీ మళ్ళీ పిలవదని చెవిలో వేశాడట. తమ్ముడు భయపడి క్లినిక్‌లో 'ఇంట్లో తలుపు సందున పడింది' అని చెప్పాడు. అదే రాసుకున్నారు.

ఆరు వారాల తరవాత మా దగ్గరికొచ్చాడు. అద్దెకి మూడొందల డాలర్లు సర్దమని అడగడానికి. చేతికి కట్టు చూసి అప్పుడు అడిగితే సంగతంతా చెప్పాడు.

"మన పుస్తకం చూడలేదా తమ్ముడూ? అందులో రాశాం కదా" అన్నాం. నిజం చెప్పాలంటే కాస్త విసుగ్గానే అన్నాం.

"చూసిన అన్నా. ఆ రాత్రే ఫోన్‌ల తెరిచి చూసిన. ముందు లిస్టుల దెబ్బ తగిలితే ఏం చెయ్యాలని ఏడ లేదు. ఆరోగ్యం అని ఉంటే అది తీసిన, అండ్ల హెల్త్ కార్డు సంగతి ఉన్నది. ఇంక మీరు రాయలేదనుకున్న."

మేం పీడీఎఫ్ తెరిచాం. 23వ పేజీ. 'పని' అధ్యాయంలో, ఓవర్‌టైమ్ పేరాకీ బ్రేక్ టైమ్ పేరాకీ మధ్య, బోల్డ్‌లో 'పనిలో దెబ్బ తగిలితే:' అని ఉంది. దాని పక్కనే ఐదు లైన్ల జవాబు. అతనికి చూపించాం. ఫోన్ దగ్గరికి పెట్టుకుని చదివి, ఏమీ అనలేదు. ఫోన్ మాకిచ్చేశాడు.

వెతకొచ్చు కదా అని మీరనొచ్చు. రెండు వేళ్ళు నలిగి, రాత్రి పదకొండింటికి, ఒంటిచేత్తో ఫోన్‌లో తెలుగు కొట్టి వెతుకుతారా? ఇంగ్లీషు అక్షరాల్లో వెతికితే మా పుస్తకంలో ఏమీ దొరకదు. కష్టంలో ఉన్నవాడు పుస్తకం చదవడు, సూచిక చదువుతాడు. సూచికలో లేనిది అతని వరకూ పుస్తకంలోనే లేదు.

వారఫలాల్లో చిన్న శీర్షిక ఎందుకు పనిచేస్తుందో మాకు అప్పుడు అర్థమైంది. రాశులు పన్నెండే. మేషం తరవాత వృషభం అని అందరికీ తెలుసు. నిఘంటువులో అకారాది క్రమం ఉంటుంది. వాటికి సూచిక అక్కర్లేదు, వరసే సూచిక. మా అరవై సంగతులకి అలాంటి వరస ఏదీ లేదు. ఎక్కడుందో ముందే తెలిసిన మాకు మాత్రమే అది కనబడుతోంది.

ఆ ఐదు లైన్లలో ఉన్నదేమిటో ఇక్కడ మళ్ళీ రాస్తాం, ఈ పోస్టులో మిగతాదంతా మరిచిపోయినా ఇది గుర్తుంచుకోండి. ఒంటారియోలో పనిచోట దెబ్బ తగిలితే వెంటనే సూపర్‌వైజర్‌కి చెప్పాలి, కుదిరితే మెసేజ్ రూపంలో. డాక్టర్‌కి 'పనిలో తగిలింది' అనే చెప్పాలి. డాక్టర్ తనవైపు నుంచి ఫారం 8 పంపుతారు. యజమానికి సంగతి తెలిసిన మూడు పనిదినాల్లో డబ్ల్యూఎస్ఐబీకి తెలియజేయాలి. వాళ్ళు పంపినా పంపకపోయినా మనం ఫారం 6 వేసుకోవచ్చు, దానికి దెబ్బ తగిలిన రోజు నుంచి ఆరు నెలల గడువుంది. ఏజెన్సీ ద్వారా వెళ్తే ఏజెన్సీయే మన యజమాని. దెబ్బ తగిలిన రోజు జీతం యజమాని పూర్తిగా ఇవ్వాలి. చెప్పొద్దని ఒత్తిడి చెయ్యడం చట్టానికి విరుద్ధం. యూనియన్ లేనివాళ్ళకి ఆఫీస్ ఆఫ్ ది వర్కర్ అడ్వైజర్ ఉచితంగా సాయం చేస్తుంది.

తమ్ముడికి ఆరు వారాలే గడిచాయి కాబట్టి గడువు మిగిలే ఉంది. మర్నాడే కూర్చుని ఫారం నింపించాం. కానీ క్లినిక్‌లో తలుపు సందు అని రాసి ఉంది కదా. ఎందుకలా చెప్పాడో రాసివ్వాల్సి వచ్చింది, అక్కడే ఉన్న పంజాబీ కుర్రాడు చూసింది చూసినట్టు రాసిచ్చాడు. చివరికి క్లెయిమ్ ఒప్పుకున్నారు. ఈలోగా రెండు నెలల అద్దె అప్పుచేసి కట్టాడు. మొదటి రాత్రే అతనికి ఆ పేజీ దొరికుంటే క్లినిక్‌లో ఆ మాట అనేవాడు కాదు. ఇది మాత్రం సూపర్‌వైజర్ మీదకి తోసెయ్యలేం.

ఇక పుస్తకం బాగుచెయ్యాలి. ఆ అరవై శీర్షికలూ సూచికలోకి రావాలి. ఇంతేకదా అనుకున్నాం. నాలుగు ఆదివారాలు పట్టింది. మాలాగే సంఘాలకీ గుళ్ళకీ రూమ్మేట్లకీ చిన్న పుస్తకాలు కట్టేవాళ్ళు ఈ గ్రూపుల్లో ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాం.

అసలు చిక్కేమిటంటే, ఇన్‌డిజైన్ సూచిక పేరాగ్రాఫ్ స్టైల్‌ని మాత్రమే చూస్తుంది. పేరా లోపల కొన్ని మాటలకి వేసిన బోల్డ్, అంటే క్యారెక్టర్ స్టైల్, దాని కంటికి కనబడదు. మా శీర్షికలన్నీ క్యారెక్టర్ స్టైలే.

మొదటి ప్రయత్నం: ఆ పేరాల స్టైల్‌నే సూచికలో చేర్చాం. నొక్కగానే శీర్షికతో పాటు పేరా మొత్తం వచ్చిపడింది. ఓవర్‌టైమ్ జవాబు, ఇంటి అద్దె జవాబు, అన్నీ సూచికలోనే. విషయసూచిక పుస్తకమంత అయ్యింది. పైగా ఒత్తులన్నీ మళ్ళీ విరిగాయి, ఎందుకంటే సూచికకి వాడే స్టైల్‌లో కంపోజర్ మార్చలేదు. ఇది గుర్తుంచుకోండి: బాడీకి మారిస్తే చాలదు, సూచిక స్టైళ్ళకీ వరల్డ్-రెడీ విడిగా పెట్టాలి.

రెండో ప్రయత్నం: ఆ సూచిక డబ్బాలో కిందన 'రన్-ఇన్' అనే టిక్ కనబడింది. దొరికిందిరా అని తమ్ముడు కేకేశాడు. టిక్ పెట్టి నొక్కితే, ఉన్న ఎనిమిది అధ్యాయాల పేర్లు సెమీకోలన్లతో ఒకే పేరాగా అతుక్కుపోయి వచ్చాయి. ఆ రన్-ఇన్ వేరు, ఈ రన్-ఇన్ వేరు. సూచికలోని లైన్లన్నిటినీ కలిపెయ్యడానికి ఉన్న టిక్ అది. పేరొకటే కదా అని నమ్మితే ఇంతే, మన వెంకటేశ్వర్లు అనుకుని ఇంకో వెంకటేశ్వర్లుకి ఫోన్ చేసినట్టు.

మూడో ప్రయత్నం: చేత్తో టైప్ చేసెయ్యడం. అన్న అనుభవం అదే. పేజ్‌మేకర్‌లో కూడా సూచికలో చేర్చు అనే టిక్ ఉండేది, కానీ గైడ్లకి ఎవరూ వాడేవాళ్ళు కాదట. చివరి రాత్రి ఒకరు పేజీ నంబర్లు చదువుతుంటే ఒకరు కొట్టడమే. అలా కొట్టాం. అందంగా వచ్చింది. తరవాత బస్సుల అధ్యాయం సరిచెయ్యాల్సి వచ్చింది. మేం మొదట రాసినప్పుడు స్కార్‌బరో ఆర్‌టీ ఉంది. 2023 జూలై 24న ఒక రైలు పెట్టె పట్టాలు తప్పింది, ఆ లైను మళ్ళీ తెరవనే లేదు. 1985 నుంచి నడిచిన లైను అక్కడితో ఆగిపోయింది, ఇప్పుడు కెన్నెడీ స్టేషన్‌కి బస్సులే. ఆ పేరాలు తీసేసి కొత్తవి రాయగానే వెనక ఉన్నవన్నీ అర పేజీ జరిగాయి. చేత్తో కొట్టిన నంబర్లలో ఇరవై తప్పయ్యాయి. కనీస వేతనం ప్రతి అక్టోబర్ 1కీ మారుతుంది: 2023లో 16.55, 2024లో 17.20, 2025లో 17.60. ఏటా మారే పుస్తకానికి చేతిరాత సూచిక పనికిరాదు.

నాలుగో ప్రయత్నం: దొంగ శీర్షిక. ప్రతి పేరాకి పైన అదే శీర్షికని విడి పేరాగా పెట్టి, దానికి వేరే పేరాగ్రాఫ్ స్టైల్ ఇచ్చి, అక్షరం సైజు 0.1 పాయింటుకి దించి, రంగు తీసెయ్యడం. కాగితం మీద ఎవరికీ కనబడదు, సూచికకి మాత్రం దొరుకుతుంది. సూచికలో అరవై లైన్లూ వచ్చాయి. పండగ చేసుకున్నాం, ఆ రాత్రి బిర్యానీ కూడా తెప్పించాం.

మర్నాడు బావ సరిచూస్తూ ఆగిపోయాడు. మాలో శ్రీకాకుళం నుంచి వచ్చినవాణ్ణి అందరం బావ అనే పిలుస్తాం. "ఇదేటి, పనిలో దెబ్బ తగిలితే 22 అని ఉంది, నాకు 23లో కనబడతంది?" అన్నాడు. చూస్తే నిజమే. కనబడని ఆ శీర్షిక 22వ పేజీ అట్టడుగున ఇరుక్కుంది, కనబడే పేరా 23 మొదట్లోకి జరిగింది. సరిగ్గా ఆ పేజీయే. దీనికి మందుంది. ఆ దొంగ స్టైల్‌కి కీప్ ఆప్షన్స్‌లో 'తరవాతి పేరా మొదటి లైనుతో కలిసి ఉండు' అని పెట్టాలి. పెట్టాం, సరిపోయింది.

కానీ ఇంకోటి బయటపడింది. బావ చదువంతా ఇంగ్లీషు మీడియం, తెలుగు తడుముకుంటాడు. అందుకని ఫోన్ చేత చదివించుకుంటాడు. ఫోన్ ప్రతి శీర్షికనీ రెండుసార్లు చదివింది. 'జీతం ఆలస్యమైతే, జీతం ఆలస్యమైతే' అని. మనిషి కంటికి దాచినా ఫోన్‌కి దాగదు. చెవితో చదివేవాళ్ళని ఇలా తికమకపెట్టడం మాకు నచ్చలేదు.

ఐదో ప్రయత్నం: శీర్షికని చిన్న టెక్స్ట్ ఫ్రేములో పెట్టి, దానికి సొంత పేరాగ్రాఫ్ స్టైల్ ఇచ్చి, ఆ ఫ్రేముని కత్తిరించి పేరా మొదట్లో అక్షరంలాగా అతికించడం. యాంకర్డ్ ఫ్రేము అంటారు. ఇక్కడ శీర్షిక ఒక్కసారే ఉంటుంది, కనబడుతుంది, సూచికకీ దొరుకుతుంది, పేరాతో పాటే జరుగుతుంది. ఫ్రేముకి ఆటో-సైజ్ పెడితే మాట పొడుగుని బట్టి అదే సర్దుకుంటుంది. ఇబ్బందులు రెండు. ఫ్రేము అడుగు లైను మీద కూర్చుంటుంది కాబట్టి లోపలి అక్షరం కాస్త పైకి లేచినట్టుంటుంది, కొలత చూసి కిందకి దించాలి. ఫ్రేము లైను చివర విరగదు కాబట్టి శీర్షిక పొట్టిగా ఉండాలి. మన తెలుగు శీర్షికలు పొడుగు. 'యజమాని సమ్మతి లేకుండా ఇల్లు ఖాళీ చేయాల్సివస్తే' లాంటిది పట్టదు. కత్తిరించుకుంటూ పోవాలి.

వర్డ్‌లోనే పుస్తకం కట్టుకునేవాళ్ళకి ఇంత కష్టం లేదు. శీర్షిక చివర కంట్రోల్, ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే స్టైల్ సెపరేటర్ పడుతుంది. ఒకే లైనులో ముందు భాగానికి హెడ్డింగ్ స్టైల్, తరవాతి భాగానికి మామూలు స్టైల్ ఇవ్వొచ్చు, సూచిక ముందు భాగాన్నే తీసుకుంటుంది. ఫ్రేమ్‌మేకర్‌లో అయితే పేరాగ్రాఫ్‌కే రన్-ఇన్ హెడ్ అనే రకం ఉంది. ఇన్‌డిజైన్ వాడేవాళ్ళే ఇలా చుట్టూ తిరిగి రావాలి.

అన్నీ అయ్యాక ప్రింటు కోసం ఒక తమిళ అన్న షాపుకి తీసుకెళ్ళాం. శ్రీలంక నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా ఇక్కడే అచ్చు పని చేస్తున్నాడు. మా ఫైలు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఫ్రేములు చూసి మెచ్చుకున్నాడు కూడా. తరవాత ఇంగ్లీషులో ఒకటే అడిగాడు. ఇంత కష్టం ఎన్ని కాగితాలు మిగల్చడానికి అని. రెండు అన్నాం. ఆ రెండు కాగితాలు ఎవరికి మిగులుతున్నాయి, చదివేవాడికా మీకా అన్నాడు.

మేం మాట్లాడలేదు. ఇంటికొచ్చి అరవై శీర్షికలూ కాగితం మీద రాసి రెండు భాగాలు చేశాం. తీరిగ్గా చదివేవి ఒకవైపు, భయంతో వెతికేవి ఒకవైపు. రెండోవైపు పదకొండు తేలాయి. పనిలో దెబ్బ తగిలితే. జీతం ఇవ్వకపోతే. ప్రమాదకరమైన పని చెయ్యమంటే. ఇల్లు ఖాళీ చెయ్యమంటే. పాస్‌పోర్ట్ ఎవరైనా తీసి దాచుకుంటే. ఇలాంటివి. ఈ పదకొండింటినీ విడి లైన్లోకి తెచ్చాం, పైన ఖాళీ, కింద ఖాళీ, పెద్ద అక్షరం. మామూలు శీర్షికలు, ఏ ఉపాయమూ లేదు. మిగతా వాటిని ఫ్రేముల్లో పేరాలోనే ఉంచాం. సూచికలో అన్నీ ఉన్నాయి, కానీ ఈ పదకొండూ ముందే వేరుగా, 'వెంటనే కావాలంటే' అనే మాట కింద ఉన్నాయి. పుస్తకం 44 పేజీలయ్యింది. మిగిల్చిన రెండు కాగితాల్లో ఒకటి తిరిగిచ్చేశాం.

సూచిక పెట్టేటప్పుడు పీడీఎఫ్ బుక్‌మార్కులు అనే టిక్ కూడా పెట్టాం. ఎగుమతి చేసేటప్పుడు బుక్‌మార్కులు, హైపర్‌లింకులు రెండూ ఉంచాం. ఇప్పుడు ఫోన్‌లో సూచిక లైను మీద వేలు పెడితే ఆ పేజీకే వెళ్తుంది. ఒంటిచేత్తో కూడా పనవుతుంది. ఇంకో మాట: ఇన్‌డిజైన్ సూచిక తనంతట తాను మారదు. పేజీలు జరిగిన ప్రతిసారీ లేఅవుట్ మెనూలో అప్‌డేట్ నొక్కాలి. ఇప్పుడు మాలో ఎవరు ఫైలు ముట్టుకున్నా చివర అది నొక్కి, ఐదు లైన్లు వేలుపెట్టి సరిచూసి, అప్పుడే మూస్తున్నాం.

అచ్చుకి ఇచ్చేముందు నల్గొండ తమ్ముణ్ణి పిలిచాం. ఏమీ చెప్పకుండా ఫోన్ ఇచ్చి, "దెబ్బ తగిలింది అనుకో, వెతుకు" అన్నాం. అన్న గడియారం చూస్తున్నాడు. తమ్ముడు కుడిచేతి బొటనవేలితో రెండుసార్లు తాకాడు. పేజీ వచ్చేసింది. పది సెకన్లు కూడా పట్టలేదు.

"ఇట్ల ఉంటే అప్పుడే దొరుకుతుండె అన్నా" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే మాకు ఎక్కువ తగిలింది.

అతని వేళ్ళు రెండూ మిగిలాయి. ఒకటి పూర్తిగా మడవలేడు. చలి ఎక్కువైన రోజున నొప్పెడుతుందంటాడు. ఇప్పుడు వేరేచోట తేలిక పని చేస్తున్నాడు. కొత్త ప్రతుల్లో ఇరవై అతనే పట్టుకెళ్ళి తన బస్సులో వచ్చే మనవాళ్ళకి పంచాడు.

మీ దగ్గర మా పాత పీడీఎఫ్ ఉంటే తీసెయ్యండి. 40 పేజీలున్నది పాతది, 44 ఉన్నది కొత్తది. మీరే ఏదైనా చిన్న పుస్తకం కడుతుంటే, అచ్చుకి ముందు దాని గురించి ఏమీ తెలియని ఒకరికి ఇచ్చి, సూచిక మాత్రం చూసి ఒక సంగతి వెతకమనండి. దొరక్కపోతే తప్పు వెతికినవాళ్ళది కాదు, మీది. మేం ఆ మాట కాస్త ఆలస్యంగా నేర్చుకున్నాం.

పనిలో జాగ్రత్తగా ఉండండి. తగిలితే తగిలిందని చెప్పండి.